డైరెక్టరు ప్రసంగానికి పదకొండు కాపీలు

రేడియో స్టేషన్‌లో ఆమెను అందరూ డిస్కుల అక్క అంటారు. పాతికేళ్లుగా కిటికీ లేని గదిలో, ఫ్యాన్ల హోరు మధ్య, ఊరి గొంతులన్నీ దాచిన సర్వర్‌కు ఆమే దిక్కు. ఏ ఊళ్లో ఏ ఆఫీసు తలుపు తట్టినా ఇలాంటి మనిషి ఒకరు కనిపిస్తారు. వాళ్లకు పని చెప్పేవాడికి ఆ పని తెలియకపోవడం కూడా ఎక్కడైనా ఒక్కటే.

వారంగా పాత ఇంటర్వ్యూలు ప్రసారం మధ్యలో నత్తిగా పలుకుతున్నాయి.

"ఇవాళ తొమ్మిది గంటల కార్యక్రమం ఆగిందో, రేపు నీ కుర్చీలో ఇంకొకరుంటారు" అన్నాడు డైరెక్టరు. పక్కనే సలహాదారు, అంటే ఆయన బావమరిది. మెడలో వేలాడే కార్డే అతని అర్హత.

డైరెక్టరే మళ్లీ అడిగాడు: "డిస్కులో ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్‌కు జర్నల్ ఉందన్నావుగా? మరి ఫైళ్లు ముక్కలెందుకయ్యాయి?"

"జర్నల్ అంటే చేయబోయే పని ముందే రాసుకునే చిట్టా సార్. కరెంటు పోతే ఎక్కడ ఆగామో చెబుతుంది. ఇల్లు సర్దిపెట్టదు. డిస్కు నూటికి తొంభై ఎనిమిది వంతులు నిండింది. ఎనిమిది మైకులు ఒకేసారి రికార్డు చేస్తుంటే ఏ ఫైలుకూ ఒక్కచోట జాగా లేక, ముక్కలై దొరికిన సందులో దూరుతోంది. ఆ ముక్కలు ఏరుకొచ్చేలోపు ప్రసారం తడబడుతోంది."

"ఆ చిట్టా పీకేద్దాం బావా, సర్వర్‌కు రెక్కలొస్తాయి!" అన్నాడు బావమరిది.

"బ్రేకులు పీకేసినా బండి జోరుగానే పోతుంది బాబూ" అందామె.

డిస్కును మింగింది పాటలూ కాదు, వార్తలూ కాదు. డైరెక్టరు గారి వార్షికోత్సవ ప్రసంగం, వీడియోతో సహా, పదకొండు కాపీలు! 'ముఖ్యం', 'చాలా ముఖ్యం', 'అసలైన ముఖ్యం' అనే ఫోల్డర్లలో కొలువుదీరింది. ఏదీ చెరపరాదని ఆయన ఆజ్ఞ. ఆమె చెరపలేదు. అన్నింటినీ విడి డిస్కుకు తరలించి, ఖాళీ అయిన జాగాలోకి తొమ్మిది గంటల ఇంటర్వ్యూను మళ్లీ కాపీ చేయసాగింది, ముక్కలన్నీ పక్కపక్కన కూర్చునేలా.

ఎనిమిదీ నలభైకి హోరు ఆగిపోయింది. ఫోను చార్జింగుకని బావమరిది సర్వర్ ప్లగ్గు పీకాడు.

"ఏమైందక్కా?"

"ఏం లేదు, మీరన్న రెక్కలొచ్చాయి."

ప్లగ్గు పెట్టింది. సర్వర్ జర్నల్ చూసుకుని రెండు నిమిషాల్లో లేచి కూర్చుంది. సగం చేసిన కాపీ పోయింది గానీ అసలుది పదిలం. మళ్లీ చేసింది. తొమ్మిదింటికి ఇంటర్వ్యూ ఎక్కడా తడబడలేదు.

"చూశావా, మావాడు అడుగుపెట్టగానే బాగైంది!" అన్నాడు డైరెక్టరు, బావమరిది భుజం తడుతూ.

మర్నాడు కొత్త ప్రసంగంతో వచ్చాడు. "దీన్ని ఐదు చోట్ల పెట్టమ్మా."

"అలాగే సార్."

విడి డిస్కులో ఐదుసార్లు పెట్టింది. తీగ ఊడదీసి, డిస్కును సొరుగులో వేసి తాళం తిప్పింది.