గోడకు పిలుపు

మా ముత్తాత నరసింగరావు ఈ చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత రాఘవరావు వాకిట్లో టేకు ఉయ్యాల మీద కూర్చుంటే, ఊళ్లో ఎవరు గోడ లేపుకోవాలన్నా దాని ముందు నిలబడి అడిగేవారు. ఆయన తల ఊపితే గోడ లేచేది, లేకపోతే లేదు. ఈ ఉదయం మా పెరటి ప్రహరీకి సున్నం వేయిస్తుంటే, తడి సున్నం వాసనకు నాకు తాతకంటే ముందు రత్నమ్మ టీచర్ గుర్తొచ్చింది. ఈ గోడ లేచింది ఆమె వల్ల.

రత్నమ్మ టీచర్ ఇల్లు మాకు పడమటి పక్క. ఊరి బళ్లో నాకు లెక్కలు చెప్పింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని బస్సులో పటాన్‌చెరు చర్చికి వెళ్లేది. మిగతా రోజుల్లో ఆమె చేతిలో సుద్దముక్క లేకపోతే చీపురు ఉండేది. ఊరంతా నన్ను చిన్నదొర అనే రోజుల్లో ఆమె ఒక్కతే పేరుపెట్టి పిలిచింది. నేను తప్పు చేసినప్పుడు మాత్రం 'దొరా' అనేది. ఆ పిలుపు వింటే నా చెవులు వేడెక్కేవి.

తొంభైల మొదట్లో మా నాన్న పోయేనాటికి మాకు మిగిలింది ఇల్లు, దాని వెనక పెరడు. చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇస్నాపూర్ వైపు నుంచి వచ్చే లారీలు మూల మలుపు తిరగలేక మా పెరట్లోంచే దారి చేసుకున్నాయి. అమ్మ పెంచిన నిమ్మచెట్టు టైర్ల కింద నలిగిపోయింది. గోడ కట్టుకుంటామని గ్రామపంచాయతీకి వెళ్లాను. కొత్తగా వచ్చిన కార్యదర్శి కుర్చీ చూపించలేదు.

"రెండు దిక్కుల పక్కోళ్లు వచ్చి హద్దు మీద నిలవడి ఒప్పుకోవాలె సార్. గప్పుడే పర్మిషన్. వానలు పడేదాంక గోడ లేవకుంటె మొరం పోసి బాట చేస్తం. సర్పంచ్ గట్లనే అన్నడు," అన్నాడు.

పడమట టీచర్ ఉంది. తూర్పున మల్లయ్య. మందుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అతని తాత తండ్రులు మా ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు చేతపట్టుకునేవారు. మా ఇంటి పద్ధతి ప్రకారం మల్లయ్యకు కబురు పెట్టాను. రాలేదు. మళ్లీ పెట్టాను. డ్యూటీ ఉందన్నాడట. అప్పటికే సాయంత్రాలు మబ్బు పడుతోంది.

టీచర్ వాకిలి ఊడుస్తూ అడిగింది. "మల్లయ్య వచ్చిండా?"

"కబురు పెట్టిన టీచర్. రాలే."

"కబురా!" చీపురు పక్కన పెట్టింది. "పెండ్లికైతే ఇంటికి పోయి బొట్టువెట్టి పిలుస్తరు గద. గోడకు కబురు పంపుతవా, దొరా?"

"మా ఇంట్ల ఎవ్వరూ వాళ్లింటికి పోలేదు."

"మీ ఇంట్ల ఎవ్వరూ పంచాయతీకి గూడ పోలేదు. నువ్వు పోయినవ్ గద. పా, నేనొస్త. కని మాట నువ్వే అడగాలె."

ఆ సాయంత్రం మల్లయ్య షిఫ్ట్ దిగాక వెళ్లాం. గడప ముందు చెప్పులు విడిచాను. లోపల బియ్యం ఏరుతున్న అతని తల్లి వాటిని చూసింది.

"ఓ మల్లిగా, ఇటు సూడు! దొర మన కడప ముంగట చెప్పులిడిసిండు. మీ నాయినుంటే గిది సూసి సచ్చిపోయేటోడు, మళ్ల నవ్వుకుంట లేసేటోడు!"

మల్లయ్య తువ్వాలతో తల తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వేశాడు. కూర్చున్నాను. నడుం నిటారుగానే ఉంది. టీచర్ నా వైపు చూడకుండా వాకిట్లో కోళ్లను చూస్తోంది.

"మల్లయ్యా, పెరటికి గోడ కడుతున్న. నువ్వు హద్దు మీదికి రావాలె," అన్నాను.

టీచర్ దగ్గింది.

"వస్తవా?" అన్నాను.

మల్లయ్య కాసేపు తువ్వాల మడత పెట్టాడు. కాదంటాడనే అనుకున్నాను.

"కట్టుకో దొరా, ఎవలు వద్దన్నరు? ఆ లారీలు మా గోడను గూడ గీక్కుంట పోతున్నయ్. కని మా ఆడోళ్లు నల్లా నీళ్లకు మీ పెరట్లకెల్లే పోతరు. మనిషి పట్టే చిన్న గేటు ఇడువు, చాలు."

"ఇడుస్త. తాళం గూడ ఉండదు."

"తాళమేస్తె నేను గోడ దునుకుత బిడ్డా!" అంది ముసలమ్మ. అందరం నవ్వాం. ఆమె ఇచ్చిన చాయ్ తాగాను. మా వంశంలో ఆ ఇంటి చాయ్ తాగిన మొదటివాణ్ణి నేనే. అల్లం బాగా దంచి వేసింది.

మర్నాడు పొద్దున కార్యదర్శి వచ్చాడు. మల్లయ్య తూర్పు హద్దు మీద, టీచర్ పడమటి హద్దు మీద నిలబడి ఒప్పుకున్నారు. మధ్యాహ్నానికి పర్మిషన్ చేతికొచ్చింది. గోడ నడుమెత్తు లేచాక ఒక లారీ వచ్చి, హారన్ మీద హారన్ కొట్టి, చివరికి వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. అమ్మ ఆ చప్పుడు దూరమయ్యేదాకా విని, "పోయింది," అంది. చాలా రోజుల తర్వాత పగటిపూట కంటినిండా నిద్రపోయింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. వీపుకు చల్లగా తగిలింది. వాన ఇంకా పడలేదు.

రిటైరయ్యాక టీచర్ జోగిపేటలో కూతురి దగ్గరికి వెళ్లింది, అక్కడే పోయింది. తన మనవరాలి పెళ్లికి మల్లయ్య భార్య ఆ చిన్న గేటులోంచే వచ్చి మా ఇంట్లో బొట్టు పెట్టి పిలిచింది. నేను ఎవరితో పనిబడినా కబురు పెట్టడం మానేశాను. నడుం వంచను, కానీ నేనే వెళ్తాను. వెళ్లి అడుగుతాను.

ఆనాడు గోడకు ఇటుకలు, సిమెంటు కావలసి వచ్చాయి. తాత కూర్చున్న టేకు ఉయ్యాలను ఇత్తడి గొలుసులతో సహా అమ్మేశాం.