కృపావతి వేట, సోములమ్మ వాటా

మా ఇంట్లో ఏ సినిమా అయినా చివరిదాకా చూసే యోగం నాకు లేదు. తెరమీద కొండజనం కనబడితే చాలు, మా ఆవిడ కృపావతి రిమోట్ లాక్కుని ఆపేస్తుంది. "ఈ ఈకలు ఏ ఊళ్ళో పెట్టుకుంటారు? మా పెద్దమ్మ పెట్టుకుందా? మీ అమ్మ పెట్టుకుందా?" అంటూ నామీదికొస్తుంది. ఆ ఈకలేవో నేనే కుట్టి పంపినట్టు! హీరో ఎవర్ని పెళ్ళాడాడో నాకు మర్నాడు బళ్ళో తోటి పంతుళ్ళు చెబితేగానీ తెలియదు.

తప్పులు పట్టడమే ఆవిడ పని మరి. అరకు పక్కన కొండమీది ఊళ్ళో పుట్టి, విశాఖలో సినిమా చదువు చదివింది. సినిమాల్లో మన కొండవాళ్ళని ఎవరు చూపిస్తున్నారు, ఎవర్నడిగి చూపిస్తున్నారు అన్న సంగతి మీద పరిశోధన చేస్తోంది. గ్రంథంతో పాటు సొంతంగా ఓ చిన్న సినిమా కూడా తీసివ్వాలి. తన ఊరి చైత్ర పండగే తీస్తానంది. సెలవు దొరికినప్పుడల్లా మైకు కర్ర పట్టుకునే కూలీని నేనే.

పని మాత్రం పద్ధతిగా చేసింది. ఇంటింటికీ వెళ్ళి, "నిన్ను తియ్యొచ్చా?" అని అడిగి, వాళ్ళు ఊ అన్నదాకా కెమెరా మూత తియ్యలేదు. ఊరంతా ఊ అంది.

పండగనాడు ఆడవాళ్ళతో వరసకట్టి దింసా నాట్యం ఆడుతూ ఆడుతూ ఆమె పెద్దమ్మ సోములమ్మ దబ్బున కింద పడింది. పడి, లేవకుండా అక్కడే చతికిలబడి, బోసినోటితో పకపకా నవ్వింది. కృపావతి పరిశోధనకి గైడు, ప్రొఫెసరు జగన్నాథరావు గారు ఆ ముక్క చూసి, "నీ సినిమాకి ప్రాణం ఇదేనమ్మా, దీంతోనే ముగించు" అన్నారు. ఇక మా ఆవిడ నేలమీద నడిస్తే ఒట్టు.

యూనివర్సిటీకి ఇచ్చేముందు ఊరికి చూపించి తీరాలంది. బడి గోడకి తెల్లదుప్పటి కట్టి సినిమా వేశాం. ఒకటే ఈలలు, కేకలు. చివర్లో సోములమ్మ పడ్డం వచ్చేసరికి జనం పొట్టలు పట్టుకున్నారు. ఆవిడ మాత్రం లేచొచ్చి దుప్పటి ముందు నిలబడింది. సినిమా ఆవిడ చీరమీద ఆడుతోంది.

"ఏటిది కృపా? నన్ను తోసింది ఏదీ?"

"ఎవరు తోశారు పెద్దమ్మా?"

"ఇంకెవులు, సిట్టెమ్మ! మోసేత్తో పొడిసింది. అది కనబడదేటి? ఇది సూసినోల్లు ముసల్ది కల్లు తాగి పడిందనుకోరూ?"

వెనకనుంచి ఆవిడ తోటికోడలు చిట్టెమ్మ లేచింది. "నానెక్కడ తోసినానే? తాగే పడినావు!"

ఇంకేముంది, సగం ఊరు తోసిందంది, సగం ఊరు తోయలేదంది. కెమెరా సోములమ్మ మీదే ఉండిపోయింది, పక్కనున్న చిట్టెమ్మ అసలు అందులో పడనే లేదు. మోచెయ్యి సంగతి ఆ దేవుడికే ఎరుక.

"నువ్వు తియ్యమంటేనే కదా పెద్దమ్మా తీశాను?" అంది మా ఆవిడ.

"ఏటకెల్లమన్నాను. ఏటకెల్లమంటే మాంసం నువ్వొక్కదానివే తినీమన్నట్టేటి?"

చైత్ర పండగ వేటలో ఒక్క కుందేలు దొరికినా సరే, ప్రతి గడపకీ వాటా పోవాలి. వెళ్ళినవాడిదే వేట అన్నవాడికి మా కొండల్లో పిల్లనివ్వరు. సోములమ్మ చెయ్యి చాపింది. "నా వాటా నాకిచ్చీ. నాను పడింది నాకిచ్చీ, బేగి."

ఇంటికొచ్చి కృపావతి వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను తీసినవాటిలో మంచిది అదొక్కటే. అది పోతే ఇంక సినిమా ఏముంది?" అంది. "ఉంచెయ్యి, పెద్దమ్మ విశాఖ వచ్చి చూస్తుందా?" అన్నాను. ఆవిడ చూసిన చూపుకి నేనక్కడే మాడి మసైపోవాలి. "ఆ ఈకలు పెట్టినవాళ్ళూ ఇలాగే అనుకున్నారు" అంది. తెల్లారాక ఆ ముక్క కోసి సోములమ్మ ఫోనులో వేసి, తన దగ్గర చెరిపేసింది.

"ప్రాణం ఏదమ్మా?" అని జగన్నాథరావు గారు లబోదిబోమన్నారు.

"మా పెద్దమ్మ వాటాకి పోయిందండీ. చూడాలంటే శుక్రవారం అరకు సంతలో ఆవిడనే అడగండి" అంది మా ఆవిడ ఉడుకుమోతుతనంతో. మహానుభావుడు నిజంగానే దిగిపోయాడు.

సంతలో సోములమ్మ అమ్మే అల్లం కుప్ప చుట్టూ ఒకటే జనం. ఏ గొడవో అని పరిగెత్తాం. తీరా చూస్తే, ఆవిడ ఫోను ఎత్తిపట్టుకుని తను పడ్డమే అందరికీ చూపిస్తోంది! ఎవరి కంటా పడకూడదని తీసేయించిందనుకున్నామే, మాకు మతి పోయింది.

"రా బాబూ, సూడు" అంది ప్రొఫెసరు గారితో. "ఈ పడింది నానే. ఇదిగో, ఇక్కడ సిట్టెమ్మ పొడిసింది. నీకు కనబడదు, నాను సెప్తన్నాను, ఇను." ఆయన బుద్ధిగా చేతులు కట్టుకుని విన్నారు.

"అబద్దం బాబూ! నా మాటా ఇనండి!" అని పక్క కుప్ప దగ్గర్నుంచి చిట్టెమ్మ పరిగెత్తుకొచ్చింది.

కృపావతి పడీ పడీ నవ్వింది. ఇన్ని రోజుల దిగులూ ఎటు పోయిందో. కళ్ళు తుడుచుకుని, నా భుజాన ఉన్న కెమెరా సంచి మీద చెయ్యి వేసి, "పెద్దమ్మా, నువ్విలా చెబుతుంటే తియ్యొచ్చా?" అని అడిగింది.

సోములమ్మ ఓసారి తోటికోడల్ని ఎగాదిగా చూసింది.

"తియ్యి. దాన్ని కూడా తియ్యి. ఈసారి మోసెయ్యి కనబడాల."