యాకూబ్ భాయ్ కట్టె స్టిక్కు మీద నేనేసిన దెబ్బ

హాకీల గోల్‌కీపర్ బంతి ఆపుతడు. నేను కొడితే మాత్రం ఇంకోటి ఆపిండు. ఆ ముచ్చట చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్లి. నాకైతే ఇప్పటికీ యాదికొస్తే ముద్ద దిగదు.

అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. హన్మకొండల మా క్లబ్బుకు ఫార్వర్డ్ ఆడుతుంటి. కొత్తగ కార్బన్ స్టిక్కు కొన్న. నల్లగ, నున్నగ, పెండ్లికొడుకు బూట్ల లెక్క మెరిసేది. దాన్ని సంకల పెట్టుకొని ఇంట్ల తిరుగుతాంటే మా అమ్మ, "పసిపిల్లనారా ఏంది? జర కింద పెట్టు" అనేది.

క్లబ్బుల అందరికన్న పెద్ద యాకూబ్ భాయ్. సైకిల్ రిపేర్ దుకాణం ఆయనది. అరవై దాటినా పొద్దున్నే వచ్చి మాతోని ఆడుతుండె. చేతిల పాత మల్బరీ కట్టె స్టిక్కు. చనిపోయిన వాళ్ళ అన్న ఆడిన స్టిక్కు అది. ఆ సంగతి నాకు తెల్వకపోయినా బాగుండు. తెలుసు.

"భాయ్, కట్టె జమానా పోయింది. నాదాన్ని లారీ తొక్కినా ఏం గాదు," అన్న ఒకరోజు.

"గట్టిదే బేటా, కాదంటలేను. కట్టె పలిగితే కనవడ్తది, దారం చుట్టి ఆడుకోవచ్చు. నీది లోపల్లోపల పలుగుతది. విరిగేదాక చెప్పదు."

"గదంత పాత ముచ్చట భాయ్!"

ఆయన నవ్వి, నీళ్ళు తాగనీకి నల్లా దిక్కు పోయిండు. అప్పుడన్న ఊకుంటే అయిపోవు. ఆయన స్టిక్కును బెంచీకి ఆనిచ్చి, "ఏది గట్టిదో చూడుండ్లిరా!" అని నాదాంతోని బలంగ ఒక్కటేసిన.

ఫట్! కట్టె జానెడు పొడుగు చీలింది. నాదానికి గీత గూడ పడలే. నేను చేతులు లేపి ఎగిరిన. నాతోని ఎవ్వలు ఎగరలే. ఎన్కకు తిరిగితే యాకూబ్ భాయ్ నిలవడి ఉన్నడు, గడ్డం మీదికెల్లి నీళ్ళు కారుకుంట.

చీలిక మీద బొటనవేలు మెల్లగ రాసిండు. నా స్టిక్కు దిక్కు ఒకసారి చూసి, సైకిలెక్కి పోయిండు. తెల్లారి జిగురు పెట్టి, దారం చుట్టుకొని వచ్చిండు. నాతోని మాటల్లేవు. "తప్పయింది" అననీకి నాకు నోరు రాలే. రేపందాం, రేపందాం అనుకుంట వారం ఎల్లగొట్టిన.

ఆదివారం హసన్‌పర్తి టీంతోని మ్యాచ్. ఆఖరి నిమిషాలు, చెరొక గోలు. నాకు పాసు వచ్చింది. ముందట కీపర్ ఒక్కడే. ప్రాణమంత పెట్టి కొట్టిన.

టక్! స్టిక్కు కొన తెగి గోలు దిక్కు ఎగిరింది. పాపం కీపర్, అదే బంతనుకొని అడ్డం దుంకి దాన్ని ఆపిండు! అసలు బంతి రెండడుగులు దొర్లి ఆగింది. నేను ఉత్త పిడి పట్టుకొని చూస్తాంటెనే దాన్ని తీస్కపోయి మాకు గోలేసిండ్లు.

అంపైర్ ఆ ముక్క తెచ్చి, "తమ్మీ, గిది నీదేనా?" అన్నడు. గ్రౌండంత నవ్వింది.

సాయంత్రం యాకూబ్ భాయ్ దుకాణానికి పోయిన. "తప్పయింది భాయ్," అన్న.

ఆయన పంచరు పని ఆపిండు. "నీది గూడ ఆ పొద్దే పలిగింది బేటా. దెబ్బ సప్పుడు ఇనంగనే సమజైంది."

"మరి చెప్పకపోతివేంది?"

"కోపముండె." తల దించుకున్నడు. "చెప్తే మనం ఓడకపోతుంటిమి. నాది గూడ తప్పే. మాఫ్ చెయ్."

చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండు. అంత పెద్దమనిషి నన్ను మాఫీ అడిగే కాడికి తెచ్చిన.

అందుకే తడిబట్టలతోని ఒట్టేసి చెప్తున్న: ఏది గట్టిదో తేల్చనీకి ఒకదాన్ని తీస్కపోయి ఇంకోదాన్ని ఈ జన్మల కొట్ట. కొబ్బరికాయకు మాత్రం ఈ ఒట్టు వర్తించదు.