పిడికెడు బియ్యం జాబితా

ఇంగ్లండులో ఉద్యోగం లేనివాళ్ళకు వారం వారం సర్కారే డబ్బిస్తుందని పేపర్లో చదివి నాన్న నవ్వారు. "పని చేయకుండా తిన్నది ఒంటికి పట్టదండీ," అన్నారు పక్కింటాయనతో. గోడకు ఇవతల నేను విన్నాను. బి.ఏ. ప్యాసై ఏడాదిన్నరగా ఆయన తిండి తింటున్నవాణ్ణి నేనే.

ఉద్యోగం కోసం ఏలూరు కచేరీల్లో, తాడేపల్లిగూడెం మిల్లుల్లో కాళ్ళరిగేలా తిరిగాను. ఈలోగా మిషను బడిలో పంతులుగా నాన్నకొచ్చే జీతం సగమైంది. ఒక శనివారం అమ్మ పొయ్యి ముందు కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"పాస్టరు అయ్యగారితో మాట్లాడాన్రా. రేపు జాబితాలో నీ పేరుంటుంది. నాన్నగారికి చెప్పలేదు."

మా చర్చి ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి విడిగా కుండలో దాచేవారు. నెలకోసారి అదంతా పోగుచేసి వితంతువులకూ, మంచాన పడ్డవాళ్ళకూ పంచేవారు. ఆ ఏడు కొల్లేరు పొంగి చేలు మునిగినవాళ్ళు కూడా ఆ పిడికెడు మానలేదు. పేర్లు చదివేది సంఘపెద్ద. సంఘపెద్ద మా నాన్న.

ఆదివారం కోటు వేసుకుని వెళ్ళి చివర చాప మీద కూర్చున్నాను. ఆ వెధవ కోటు ఎందుకు వేసుకున్నానో ఇప్పటికీ తెలియదు. అయ్యగారు కాగితం నాన్న చేతికిచ్చారు. నాన్న నాలుగు పేర్లు చదివి ఐదోదాని దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మా అబ్బాయండి," అన్నారు. ఆ తర్వాతే నా పేరు చదివారు.

ముందుకు వెళ్ళాను. బియ్యం పట్టుకోవడానికి అందరి దగ్గరా గుడ్డ ఉంది, నా దగ్గర లేదు. నాన్న తన భుజం మీది కండువా తీసి నా చేతుల మీద పరిచారు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ బియ్యమే ఎసట్లో పోస్తూ, అలవాటు చొప్పున పిడికెడు తీసి చర్చి కుండలో వేసింది. భోజనాల దగ్గర నాన్న అన్నం కలిపి ఆగారు. ఆయన తింటారో లేదోనని నేను నా కంచం ముట్టుకోలేదు.

"తినరా," అన్నారు. "వచ్చే నెల కూడా చదవాల్సింది నేనే."

ఆయన తిన్నారు. నేను ఆ కుండ వైపే చూస్తూ కూర్చున్నాను. అందులో పడ్డ పిడికెడూ తిరిగి నాకే వస్తుందని భయం.