కుసుమక్క మెచ్చని నీళ్ళు

చంద్రపూర్‌లోని తుకుం పేటలో మా ఎదురింటి తలుపులకు రంగులు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన వంటింటిదాకా వచ్చింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేనేమో కిటికీ దగ్గరికి కుర్చీ జరుపుకొని కూర్చున్నాను. నా బొమ్మల రంగుల్లోనూ అదే కలుపుతాను, ఆ వాసన వస్తే నాకు కుసుమక్క గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు.

చంద్రపూర్‌ను అప్పట్లో చాందా అనేవాళ్ళం. కుసుమక్క అక్కడి తెలుగు బట్టల వ్యాపారి కూతురు. ఒక మరాఠీ పత్రికకు చిత్రప్రదర్శనల మీద విమర్శలు రాసేది. ఎక్కడ ప్రదర్శన పెట్టినా బస్సెక్కి వెళ్ళి, ముందుగా "ఆడోళ్ళు ఏసిన బొమ్మలు ఏడ పెట్టిండ్రు?" అని అడిగేది. అది భరించలేక ఆమెను పిలవడం మానేసినవాళ్ళున్నారు, ఆమె వ్యాసాలు ఆపేసిన సంపాదకుడూ ఉన్నాడు. పిలవకపోయినా వెళ్ళేది, ఇంకో పత్రికకు రాసేది. అబ్బ, ఎంత మొండి మనిషో!

మాది రాజురా. రాష్ట్రాలు మారుతున్న రోజులవి. మా తాలూకా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి, చివరికి చాందా జిల్లాలో కలిసింది. ఆ సంబరాల్లో చాందాలో ప్రదర్శన పెడితే, వార్ధా నదిలో బట్టలుతికే ఆడవాళ్ళను నూనె రంగుల్లో వేసి పంపాను. మా నాయన ముందే తేల్చి చెప్పాడు. "గా పెద్దోళ్ళ నడుమ నీ బొమ్మ పెడితే సరే. లేకుంటే గీ రంగులు ఇగ బంద్." నా ప్రాణమంతా ఆ బొమ్మ మీదే ఉంది.

తీరా ఇద్దరం వెళ్ళి చూస్తే పెద్ద హాల్లో నా బొమ్మ లేదు. వెనక గదిలో అల్లికలు, అప్పడాల పక్కన పెట్టారు. కింద నాయన పేరు, "గారి కుమార్తె" అని. కుట్టుపనిలో దారం ముడులు కనబడకూడదని వెనకవైపు తిప్పి చూస్తారు కదా, బహుమతులు నిర్ణయించే ఆవిడ అలవాటుకొద్దీ నా బొమ్మనూ తిప్పి చూసి, వెనక నీటుగా లేదని పెదవి విరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాయన "పా బిడ్డా, పోదాం" అన్నాడు.

గుమ్మంలో కుసుమక్క నిలబడి ఉంది. అంతా చూసింది. ప్రదర్శన పెట్టిన తెలుగు సేటును పిలిచింది.

"సేటూ, గిది చేతిరుమాలా, ఎనకకు తిప్పి సూసెటందుకు? హాల్ల పెట్టియ్యి. పిల్ల పేరు రాపియ్యి."

"తండ్రి పేరు ఉన్నది గదమ్మా?"

"తండ్రి ఏసిండా బొమ్మ?"

పాపం, నాయన కంగారుపడి "నేనెయ్యలేదమ్మా, పిల్లనే ఏసింది" అన్నాడు.

కుసుమక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బొమ్మ హాల్లోకి వెళ్ళేదాకా లేవనంది. అవతల అతిథులు దిగుతున్నారు. సేటు తల కొట్టుకొని బొమ్మ మోయించాడు. కింద "సుగుణ" అని నా పేరు రాయించాడు.

తర్వాత పత్రికలో ఆమె విమర్శ వచ్చింది. ఆడవాళ్ళ చేతుల్లో బలముందట. నీళ్ళు మాత్రం చచ్చిపడి ఉన్నాయట. సుగుణ నదిని చూసి వెయ్యలేదట! పట్టలేని ఏడుపుతో చాందా వెళ్ళాను.

"గింత కొట్లాడి పెట్టించింది గిందుకేనా అక్కా?"

"గందుకే. గా ఎనక అర్రల బాగుంది బాగుంది అంటరు, లేకుంటే ఎనకకు తిప్పి సూస్తరు, బొమ్మను ఒక్కరు సూడరు. హాల్లకు వచ్చినవు, ఇగ నిన్ను సూస్తరు, తప్పులు ఎంచుతరు. తట్టుకోవాలె."

ఇంటికొచ్చి రంగుల పెట్టె అటక మీద పెట్టేశాను. నాయన విషయం అడిగి తెలుసుకున్నాడు.

"నీళ్ళు బాగలేవన్నది గని, ఎయ్యొద్దన్నదా?"

తానే పెట్టె దించాడు. తెల్లారి నన్ను నది దగ్గరికి తీసుకెళ్ళాడు.

కుసుమక్క పోయి ఏళ్ళయింది. ఈనాటికీ నా బొమ్మ చూసి ఎవరైనా "బాగుంది" అని కదలబోతే, చెయ్యి పట్టుకొని ఆపుతాను. ఏది బాగాలేదో చెప్పేదాకా వదలను.