టైపు పెద్దాయన కొట్టిచ్చిన దావా

పోయిన ఆదివారం పొద్దున టైపు పెద్దాయన పోయారు. టీ తాగి, కప్పు కింద పెట్టి, కుర్చీలోనే ఒరిగిపోయారట. ఎల్బీనగర్ కోర్టు బయట నీలం టార్పాలిన్ పట్టా కింద, పాత టూత్‌బ్రష్‌తో టైపు మిషన్ అక్షరాలు తోముతూ కనిపించేవారే, ఆయన. అఫిడవిట్ కోసం మీరెప్పుడైనా అటు వెళ్ళి ఉంటే, ఆయన కొట్టిన కాగితం మీ బీరువాలో ఉండే ఉంటుంది. నాకు కొట్టిచ్చింది మాత్రం ఏ కోర్టుకూ పోలేదు.

ఉద్యమం రోజులవి. నాకు పద్దెనిమిదేళ్ళు. పదో తరగతి మధ్యలో మానేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికే మూడో సెల్‌ఫోన్ రిపేరు షాపు మారాను. నల్గొండ వైపున్న నా కన్నవాళ్ళు నన్ను రెండేళ్ళప్పుడు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా అమ్మానాన్నలకు దత్తత ఇచ్చారు. ఓ రోజు ర్యాలీలో "జై తెలంగాణ" అని గొంతు చించుకుంటుంటే, అమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చేసింది.

"ఏరా, కాస్త తిని అరవరా!" అంది గుంటూరు యాసలో, అందరి ముందూ.

దోస్తులు ఘొల్లుమన్నారు. "అరే, నువ్వు ఈడోనివా, ఆడోనివా? ముందు గది తేల్చుకో!"

తేల్చుకుందామనే మర్నాడు బయల్దేరాను. బంద్. బస్సుల్లేవు, ఎల్బీనగర్ దాకా నడిచాను. బంద్ కోసం అరిచినవాణ్ణే, కోర్టు కూడా మూసుంటుందని తోచలేదు. పట్టా కింద ఆయనొక్కరే ఉన్నారు.

"దత్తత రద్దు చేసుకోవాలె సార్. కాయితం కొట్టున్రి."

"ఎవరిది?"

"నాదే."

ఆయన కళ్ళజోడు పైకి తోశారు. "కూసో బిడ్డా. కారణాలు చెప్పు, కొడ్త. నిన్ను కొట్టిన్రా?"

"లేదు సార్."

"తిండి పెడ్తలేరా?"

"గదే లొల్లి. ఊకె పెడ్తది."

ఆయన నవ్వలేదు. నేను చెప్పిందంతా కోర్టు భాషలోకి మార్చి టకటకా కొట్టారు. ఆయనకో పద్ధతుంది. సంతకానికి ముందు ఏ కాగితాన్నైనా, కొట్టించుకున్నవాళ్ళచేతే అవతలివాళ్ళ గొంతుతో చదివించేవారు. "మీ అమ్మ చదివినట్టు చదువు" అన్నారు.

"వాది ఎక్కడికి వెళ్ళినా రెండవ ప్రతివాది అయిన తల్లి వెనుకనే క్యారియర్ తెచ్చుచున్నది. ర్యాలీకి సైతం తెచ్చినది. వాది బడి మానగా, మొదటి ప్రతివాది అయిన తండ్రి మూడు దినములు మాటలాడక, నాలుగవ దినమున స్క్రూడ్రైవర్ల సెట్టు కొనిచ్చినాడు…"

ఆ సెట్టు దగ్గర ఆగిపోయాను. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

అప్పుడు చెప్పారాయన. "కోర్టు నీ కోపం సూడది బిడ్డా. కన్నోళ్ళు ఇష్టంతోని ఇచ్చిన్రా, వీళ్ళు చేతులు చాపి తీసుకున్నరా, గది సూస్తది. జరగలేదని తేలితే అసలు దత్తతే లేదంటది. సక్కగ జరిగిందా, ఇగ రద్దు లేదు. వాళ్ళు నిన్ను వద్దనలేరు, నువ్వు వాళ్ళను వద్దనలేవు."

"మరి కాయితం ఎందుకు కొట్టిన్రు సార్?"

"కోపంల ఉన్నోనికి సెక్షన్లు చెప్తే ఇంటడా?"

దారిలోనే దాన్ని చింపేశాను. ఆ తర్వాత నాలుగేళ్ళు, వారానికోసారైనా ఆయన దగ్గరికి వెళ్ళకుండా ఉండలేకపోయాను. ఆయన ఫోన్ నేను బాగు చేసేవాణ్ణి. సాసర్లో టీ నాకిచ్చి, కప్పులోది ఆయన తాగేవారు. షాపు ఓనర్‌తో గొడవపడి వచ్చానని మొహం చూసే పట్టేసేవారు. "జర మెల్లగ కొట్టు బిడ్డా. గట్టిగ కొడ్తే అక్షరం మంచిగ పడదు, కాయితం చినుగుతది."

నిన్న అల్మాస్‌గూడలో వాళ్ళింటికి వెళ్ళాను. నాకు తెలిసిన పెద్దాయన అని చెబితే అమ్మ కూడా వచ్చింది, క్యారియర్‌లో అన్నం, కూరలతో. ఆయన భార్య క్యారియర్‌ని చూశారు, అమ్మని చూశారు.

"గీమేనా రెండో ప్రతివాది?" అని అంత దుఃఖంలోనూ నవ్వేశారు. లోపలికెళ్ళి ఓ కార్బన్ కాపీ తెచ్చారు. "ఎన్నిసార్లు చదివి నవ్వెటోడో!"

అమ్మకు తెలియకుండా నాలుగేళ్ళుగా దాచిన సంగతి. నేను చెయ్యి చాపేలోపే అమ్మ అందుకుంది.

"నేను ప్రతివాదినేంట్రా?" అంటూ అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. మొదటి అక్షరం నుంచీ పైకే చదివింది, తన గొంతుతోనే. నేను గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి నా వైపు తిరిగింది.

"ఆ ర్యాలీ రోజు మూత సరిగ్గా పెట్టక, పులుసు నీ చొక్కా మీద కారింది కదరా. అది రాయించలేదే?"

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఖాళీ అయిన పై గిన్నెలో ఉంచి, ఈసారి మూత గట్టిగా నొక్కింది.

బస్సులో సీటు కింద బోలెడంత చోటుంది. అయినా దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆ క్యారియర్‌ని అమ్మ ఒళ్ళోంచి దించలేదు.