శుక్రవారానికి వాయిదా వేసిన లినక్స్

పదిహేను రియాళ్ళు చెప్పిన దొంగ విండోస్ సీడీని, వెళ్ళిపోతున్నట్టు రెండుసార్లు వెనక్కి తిరిగి, పదికి తెగ్గొట్టి తెచ్చిన మొనగాణ్ణి నేను. అప్పట్లో ఇండస్ట్రియల్ ఏరియాలో, పరాయి దేశపు పనివాళ్ళుండే మా క్యాంప్ గదికి వచ్చిన ప్రతివాడూ ఆ కథ వినాల్సిందే. నిన్న అల్ తుమామాలో కొత్త గదికి మారుతూ గడ్డం గీసుకునే సామాన్ల సంచి దులిపితే, బామ్మర్ది ఇచ్చిన పాత పెన్‌డ్రైవ్ జారిపడి, ఆ మొనగాడి మొహం నాకే చూపించింది.

మాది బట్టల కొట్టు కుటుంబం. ధర చెప్పని సరుకు ముట్టుకోవద్దన్నది మా నాయిన నేర్పిన మొదటి పాఠం. అందుకే, ఇక్కడే అబూ హమూర్‌లో కంప్యూటర్లు బాగుచేసే మా ఆవిడ తమ్ముడు అప్పట్లో ఓ శుక్రవారం, సెలవు రోజున, భోజనానికి వచ్చి, నా లాప్‌టాప్ నిండా వైరస్‌లే ఉన్నాయని, ఫైళ్ళు వేరేచోట దాచుకుని, విండోస్ తీసేసి దాని బదులు లినక్స్ వేసుకొమ్మని, పైసా అక్కర్లేదని పెన్‌డ్రైవ్ చేతిలో పెడితే, నాకు సంతోషం కలగలేదు, అనుమానం పుట్టింది. తగ్గించడానికి ధరే లేకపోతే నేను గెలిచేదెక్కడ?

“నీకు బేరం కావాలె బావా, సరుకు గాదు!” అని నవ్వాడు వాడు.

వచ్చే శుక్రవారం వేద్దామన్నాను. ఆ శుక్రవారం బట్టలుతుకుడు, ఆ పైది ఓవర్‌టైం, ఆ పైది ఉత్త బద్ధకం. “యల్లా బావా, ఇయ్యాలనన్న ఏస్తవా?” అని వాడు అరబ్బీ మాటతో తొందరపెడుతూ ఫోన్ చేస్తే, రేపు, రేపంటూ దాటేసేవాణ్ణి.

ఆ లాప్‌టాప్‌లో మా బిడ్డ మాటలు నేర్చిన నాటి వీడియోలుండేవి. మా ఆవిడ ఊర్నుంచి పంపి, ఫోన్‌లో జాగా చాలక అక్కడ తుడిచేసినవి, నా దగ్గర తప్ప మరెక్కడా లేనివి. ఓ పొద్దున వైరస్ వాటన్నిటికీ, ఒక్కటీ తెరుచుకోకుండా తాళం వేసింది. బామ్మర్ది కిందామీదా పడినా తాళం రాలేదు, చాయ్ తాగి వెళ్ళాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంట్లో మాత్రం, క్యాంప్‌లో లాప్‌టాప్ ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాను. వాడు తన అక్కకు నిజం చెప్పలేదు. ఆ దొంగను మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది.

దొంగ ఎత్తుకుపోయిన లాప్‌టాప్ నా పెట్టె అడుగునే ఉంది. నిన్న తీసి పెన్‌డ్రైవ్ పెడితే, చాయ్ చల్లారేలోపే లినక్స్ తెరుచుకుంది, తాళం పడ్డ ఫైళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పటి తండ్రులకు ఈ గండం లేదు, ఫోనే అన్నీ ఎక్కడో దాచిపెడుతుంది. కాలేజీకి వచ్చిన నా బిడ్డ మాత్రం తన చిన్నప్పటి గొంతు ఎలా ఉండేదని నన్నడుగుతుంది.

లెక్క చూస్తే, బేరంలో మిగిలింది ఐదు రియాళ్ళు. లినక్స్‌కు పట్టిన ఖర్చు ఏమీ లేదు. పోయింది, ఫోన్‌లోకి చూస్తూ నా బిడ్డ మొదటిసారి నాయినా అన్న పిలుపు. లేని దొంగకు తగిలిన తిట్లు కూడా నా పద్దులోనే వేసుకోవాలి.